మా బావ దాచిన మచ్చు

పత్తికొండలో శెనక్కాయల మండీ అంటే మా బావదే అని నేనంటే మిగతా మండీలవాళ్లు నా మీదికి కర్రలు పట్టుకుని వస్తారు. రానీ. మా అక్క నాగలక్ష్మమ్మను చేసుకున్న బాలసుబ్రహ్మణ్యం శెట్టి అనే ఈ మనిషిని నేను లంగాజాకెట్ల వయసు నుంచి చూస్తున్నాను. మరదలిని కాబట్టి ఆయన్ని వెక్కిరించే హక్కు నాకు వాళ్ల పెళ్లిపందిట్లోనే వచ్చింది, దాన్ని ఏనాడూ ఊరికే పోనివ్వలేదు. ఆయన పొట్ట మీద, ఎండాకాలం కూడా చంకలో పెట్టుకు తిరిగే గొడుగు మీద, బస్సెక్కగానే చెప్పులు విప్పి కాళ్లు పైకి ముడుచుకుని కూర్చునే అలవాటు మీద, అన్నిటి మీదా జోకులు వేశాను. ఆయన వ్యాపారం మీద మాత్రం వేయలేదు. అందులో వెక్కిరించడానికి నాకేమీ దొరకలేదు.

సరుకు ఎట్లా ఉందో చూడడానికి బస్తాలోంచి తీసే పిడికెడు కాయల్ని మండీలో మచ్చు అంటారు. రైతు ఎవరైనా సరే, మంచి కాయను పైన పోసుకుని వస్తాడు. అది తప్పని ఎవరూ అనుకోరు, ఇంటికి చుట్టాలొస్తే మనం మాసిన దుప్పటి దాచిపెట్టుకోమా? మా బావ ఆ పైకాయ వైపు చూడను కూడా చూడడు. చొక్కా చెయ్యి మడిచి, బస్తాలోకి చంక దాకా దూర్చి, అడుగు నుంచి పిడికెడు తీస్తాడు. అరచేయి తెరిచి ఒక కాయ ఒలుస్తాడు. ఒక గింజ తాను నోట్లో వేసుకుని, అరచేతిని రైతు ముందుకు చాపుతాడు. రైతు కూడా ఆ చేతిలోంచే ఒక గింజ తీసుకుని నమలాలి. ఇద్దరూ నమిలాకే రేటు మాట. ఇది వాళ్ల నాయన పెట్టిన పద్ధతి. ఆ చేతిలో గింజ తినని మనిషితో ఆ మండీలో బేరం జరగదు.

"పైన ఉండేది నువ్వు నాకు చూపియ్యాలనుకున్న కాయప్పా," అంటాడు, గొంతు కొంచెం కూడా పెంచకుండా. "అడుగున ఉండేది నీ కాయ. నాకు నీ కాయ కావాల."

అట్లాంటి మనిషికి మాటిమాటికీ ఒకటికి పోవాల్సిన అవస్థ పట్టుకుంది. బేరం మధ్యలో లేచి వెళ్లేవాడు. పెళ్లిళ్లలో తలుపు పక్క కుర్చీ వెతుక్కునేవాడు. కర్నూలు బస్సు డ్రైవర్లందరితో స్నేహం చేసుకున్నాడు. కోడుమూరు దాటాక ఒక కంపచెట్ల గుబురు దగ్గర వాళ్లు అడక్కుండానే బండి నెమ్మది చేసేవాళ్లు. ఆయన గొడుగు అడ్డం పెట్టుకుని దిగి వెళుతుంటే కిటికీలోంచి నేను, "బావా, ఆ చెట్లకు నువ్వు పోసినన్ని నీళ్లు వాన కూడా పోయలేదు" అనేదాన్ని. ఆయన తిరిగొచ్చి నవ్వేవాడు. ఆ నవ్వు వెనక మంట ఉందని నాకు తెలియదు.

మా సీమలో జబ్బులన్నిటికీ ఒకే పేరు, వేడి. కన్ను ఎర్రబడినా వేడే, కాలు లాగినా వేడే, మూత్రంలో మంట అంటే ఇక చెప్పక్కర్లేదు. మా అక్క ఉలవకట్టు పోసింది, బార్లీ కాచింది, అరటిదవ్వ రసం తీసింది, కొండపిండి ఆకు కోసం పొలాల గట్లన్నీ వెతికించింది. తర్వాత ఎవరో రాయి అన్నారు. మా వైపు కిడ్నీలో రాయి లేకపోతే మనిషికి మర్యాద తక్కువ, కాబట్టి అందరూ నమ్మారు. స్కానింగులో రాయి కనపడకపోతే, పడిపోయి ఉంటుందిలే అన్నారు. ఏవో మాత్రలు వేసుకుంటే కాస్త తగ్గేది, ఆపితే మళ్లీ మొదలు. ఇట్లా ఏళ్లు గడిచాయి. నేను జోకులేసిన పొట్ట ఎప్పుడు కరిగిపోయిందో నేను గమనించనే లేదు.

ఒకరోజు ఉతకడానికి తీసిన పంచె మీద అక్క నెత్తురు చూసింది. నాకు ఫోన్ చేసి మాట్లాడలేక ఏడ్చింది. నేను కర్నూలులో ఒక హైస్కూల్లో సైన్సు టీచర్ని. అక్క మీద, బావ మీద, ఉలవకట్టు మీద ఒంటికాలి మీద లేచాను. మర్నాటికల్లా ఇద్దరినీ మా ఇంటికి రప్పించి, బావను పెద్దాసుపత్రికి తీసుకుపోయాను.

అక్కడ డాక్టర్ యామిని మాకు దొరకడం మా అదృష్టం. కడప పిల్ల, నా దగ్గర చదువుకున్న పిల్లల వయసు ఉంటుంది. మందులకు లొంగని మూత్ర జబ్బుల వెనక టీబీ ఎంతమందికి ఉందో తేల్చాలని పరిశోధన చేస్తోంది. రాయి రాయి అని ఏళ్ల తరబడి తిరిగినవాళ్లు, పిల్లలు పుట్టలేదని మొక్కని దేవుడు లేని ఆడవాళ్లు, వీళ్లంతా ఆమె గది ముందు బెంచీ మీద కూర్చుని ఉన్నారు. గర్భసంచికి కూడా టీబీ వస్తుందని, పిల్లలు కలగకపోవడానికి అదీ ఒక కారణమని నేను ఆ బెంచీ మీదే విన్నాను.

బావ పాత కాగితాలన్నీ ఆమె నేల మీద పరుచుకున్నంత పనిచేసి చదివింది.

"పెద్దాయనా, ఇన్ని పరీక్షల్లోనూ చీము కనిపిస్తానే ఉండాది. కానీ ఒక్కసారి కూడా క్రిమి పెరగలే. చీము ఉండి క్రిమి దొరకలేదంటే, మామూలు పరీక్షకు అందని క్రిమి ఏదో లోపల ఉన్నట్టు. నాకు టీబీ అని అనుమానం."

బావ నవ్వాడు. "నాకు దగ్గే లేదు కదమ్మా."

"టీబీ ఊపిరితిత్తుల్లోనే ఉండాలని ఏం లేదు. ఎప్పుడో చిన్నప్పుడు లోపలికి పోయింటాది. నెత్తుట్లో కలిసి కిడ్నీలో చేరి, ఇన్నేండ్లూ నిద్రపోయింటాది. ఇప్పుడు లేచింది."

స్కానింగులో ఎడమ కిడ్నీ ఉబ్బి ఉంది. కిడ్నీ నుంచి మూత్రసంచికి దిగే గొట్టం ఒకచోట మూసుకుపోయిందట. సర్జన్ మొహమాటం లేకుండా చెప్పాడు. టీబీ అని తేలితే మందులు మొదలుపెట్టి, లోపల ఒక సన్నటి గొట్టం వేసి, ఆ కిడ్నీని బతికించడానికి ప్రయత్నిస్తాడు. కారణం తేలకపోతే ఎక్కువ రోజులు ఆగడం మంచిది కాదు, కిడ్నీ తీసేయాలి. అంటే బావ ఎడమ కిడ్నీ ఉంటుందో పోతుందో టీబీ పరీక్షే చెప్పాలి.

యామిని ఆయన చేతికి మూతల డబ్బాలు ఇచ్చింది. "పొద్దున్నే లేస్తానే, నోట్లో నీళ్లు కూడా పోసుకోకుండా, మొట్టమొదట వచ్చేది ఇందులో పట్టాల. రాత్రంతా లోపల నిలిచిందాంట్లోనే ఆ క్రిములు దొరికేది. వరసగా మూడు పొద్దులు తెచ్చియ్యండి."

ఆటోలో ఇంటికి వస్తుంటే బావ ఒక్కటే అడిగాడు. "పద్మా, టీబీ అంటే అంటుకునేదే కదా?"

"ఊపిరితిత్తుల్లో ఉంటే దగ్గుతో అంటుకుంటుంది బావా. నీ ఎక్స్‌రే బాగుంది. కిడ్నీలో ఉన్నది పక్కన కూర్చున్నవాళ్లకు అంటదు, డాక్టరమ్మ చెప్పింది కదా."

ఆయన తలూపాడు. నేను అర్థమైందనుకున్నాను. తలూపినవాళ్లందరికీ పాఠం అర్థమైందనుకోవడం మా టీచర్లకు అలవాటు.

డబ్బాలు ఇచ్చాం. పరీక్షలో టీబీ కనపడలేదు.

మా అక్క ఆ పూట సంబరంగా ఓళిగలు, అంటే బొబ్బట్లు, చేసింది. సర్జన్ ఆపరేషన్‌కు తేదీ ఇచ్చాడు. కిడ్నీ తీసేస్తారన్న మాట విని కూడా అక్క ఓళిగల మీద నెయ్యి వేస్తూ, "పోతే పోనీలే, రెండోది ఉండాది కదా. టీబీ అయితే కాలే, అంతే చాలు" అంది. ఒంట్లోంచి ఒక అవయవం పోవడం కంటే ఒక జబ్బు పేరు రావడం పెద్ద కష్టమనుకుంటున్న ఆ అమాయకురాలిని ఏమనగలను? చెయ్యి కడుక్కోవడానికి లేచాను. బావ కూడా ఓళిగ తుంచి అట్లాగే పెట్టేశాడు.

యామిని మాత్రం తృప్తి పడలేదు. ఇంకోసారి తెచ్చివ్వండి అని అడిగింది. "చాలు తల్లీ, ఇంక పీడించొద్దు" అన్నాడు బావ. తీసిన కిడ్నీని పరీక్షిస్తే అప్పుడైనా తెలుస్తుందిలే అందామె, దిగులుగా. తీసేశాక తెలిసి ఎవరికి లాభమని నాకు కోపం వచ్చింది. ఆమె మీద కాదు. ఎవరి మీదో కూడా తెలియదు, ఊరికే వచ్చింది.

ఆపరేషన్‌కు ముందు మండీ పనులు ఒక కొలిక్కి తెచ్చుకోవాలని బావ పత్తికొండకు వెళ్లాడు. దసరా సెలవులు కాబట్టి నేనూ వెంట వెళ్లాను. ఆ ఏడు కాయ పెరికి ఎండబెట్టే సమయానికి వాన పడింది. ఊరంతా తడిసిన శెనక్కాయ వాసన.

మధ్యాహ్నం తిమ్మయ్య ఆటోలో బస్తాలు వేసుకుని వచ్చాడు. ఆయన పక్క పల్లె రైతు, బావ చిన్నప్పటి నుంచి ఎరిగినవాడు. తిమ్మయ్య కాయకు మచ్చు చూడాల్సిన పనే లేదని బావ ఎన్నిసార్లు అన్నాడో. అయినా పద్ధతి పద్ధతే. బస్తా మూతి విప్పితే పైన కాయ ముత్యాల్లా మెరుస్తోంది. బావ చొక్కా మడిచి చెయ్యి దూర్చాడు. బయటికి తీసి అరచేయి తెరిస్తే అన్నీ నల్లబడిన కాయలు, బూజు పట్టినవి, గింజ లేని తాలు.

తిమ్మయ్య తల దించుకున్నాడు.

"ఏమప్పా తిమ్మయ్యా?" అన్నాడు బావ మెల్లగా.

"సిగ్గయింది శెట్టీ. ఇన్నేండ్లు నీకు మంచి కాయ తెచ్చినోణ్ణి. ఈ కాయ చూస్తే నీ కాడ నా మాటకు విలువ యాడుంటాదని, పైన ఏరి పోసినా."

బావ కోప్పడలేదు. "పెరికినప్పుడే నాకు చూపిచ్చింటే ఈడ కల్లంలో ఎండబోసి, ఏరిచ్చి, సగమన్నా దక్కిచ్చేవాళ్లం కదప్పా. నువ్వు దాసిపెడితివి. దాసిపెడితే మంచిది కూడా బూజు పట్టి..."

మాట అక్కడే ఆగిపోయింది. ఆ నల్లకాయలు అరచేతిలో అట్లాగే ఉన్నాయి. బావ చూపు వాటి మీదే ఉంది. తర్వాత బస్తాల మీద కూలబడి, నా వైపు చూశాడు. ఆ ముఖం చూసి గుండె నొప్పేమో అని నేను పరిగెత్తాను.

"పద్మా," అన్నాడు, "బ్యాగు తీసుకో. కర్నూలుకు పోదాం పా."

తిమ్మయ్యకు బస్తాలన్నీ విప్పి కల్లంలో ఎండబోయమని చెప్పి, బావ చెప్పులేసుకున్నాడు.

బస్సులో కాళ్లు పైకి పెట్టుకోలేదు. కంపచెట్ల దగ్గర దిగి ఎక్కాక, గొడుగు పిడి రెండు చేతులతో పట్టుకుని చెప్పాడు.

"ఆ డబ్బాల్లో మొదటిది పట్టలేదు నేను. మూడు పొద్దులూ అది పారబోసినా. చెంబుడు బార్లీనీళ్లు తాగి, తెల్లగా వచ్చేదాకా ఉండి, అప్పుడు పట్టినా."

ఒక్క క్షణం నాకు అర్థం కాలేదు. అర్థమయ్యాక నా గొంతుకు నిద్రపోతున్న ప్రయాణికులంతా లేచి కూర్చున్నారు.

"నీకు బుద్ధుందా బావా? రేపోమాపో పొట్ట కోసి కిడ్నీ తీసేస్తారు, తెలుసా నీకు? ఊళ్లోవాళ్ల బస్తాలన్నీ అడుగుదాకా కెలికే మనిషివి, నీ ప్రాణానికొచ్చేసరికి పైకాయ చూపిస్తావా?"

కండక్టర్ ఇటు తిరిగి చూశాడు. బావ తల ఎత్తలేదు.

"టీబీ అని తేలితే నా చేతిలో గింజ ఎవుడు తింటాడు పద్మా?"

"అంటదని చెప్పాను కదా!"

"నువ్వు నాకు చెప్పినావు. రైతులందరికీ యాడ చెప్పుకుంటా తిరుగుతావు? మా నాయన చెయ్యి చాపితే కాదన్నోడు లేడు. నేను చాపితే ఒకడు ఎనక్కి జరిగినాడనుకో... కిడ్నీ పోతే లోపల పోతాది, ఎవురికీ కనపడదు. ఆ జరిగేది నేను చూడలేను."

కిటికీ వైపు తిరిగి ఏడ్చాను. అన్ని జోకులు వేశాను కదా, ఆ అరచేయి ఆయనకు ఎంత విలువైనదో నాకు తెలియనే లేదు. కోపం పోలేదు, కానీ ఆ మనిషి మీద పుట్టిన ప్రేమ కోపాన్ని పక్కకు నెట్టేసింది.

మర్నాడు యామిని ముందు నేను నోరు తెరవకముందే ఆయనే మొదలుపెట్టాడు. "తల్లీ, నేను నీకు పైన ఏరి పోసిన కాయ చూపిచ్చినా." ఆ పిల్ల బిక్కమొహం వేసింది. అంతా విన్నాక ముందు నవ్వింది, తర్వాత పెద్దా చిన్నా చూడకుండా తిట్టింది. కడప తిట్లు ఎంత బాగుంటాయో ఆ రోజు తెలిసింది. ఆ తిట్లతోనే సర్జన్‌కు ఫోన్ చేసి ఆపరేషన్ ఆపించింది. కొత్త డబ్బాలు ఇచ్చింది.

ఈసారి బావ పొద్దున్నే లేచి నీళ్లు ముట్టలేదు. మబ్బుగా, ఇటుక కడిగిన నీళ్లలా ఉన్న డబ్బాను మడతపెట్టిన పేపర్లో చుట్టి, నా ముందుకు తెచ్చి, "చూడు, ఇది నా కాయ" అన్నాడు. మరదలి ముందు అట్లాంటి డబ్బా పెట్టిన బావ మా వంశంలో మరొకడు ఉండడు.

టీబీ దొరికింది.

అక్క కొంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తుంటే, బావే ఆమె పక్కన కూర్చుని ఓదార్చాడు. లోపల గొట్టం వేశారు. సర్కారు మాత్రలు మొదలయ్యాయి, పైసా ఖర్చు లేదు. మాత్రలు మొదలుపెట్టిన మర్నాడే ఫోన్. "పద్మా, మళ్లీ ఎర్రగా వస్తాండాది!" అది మాత్ర రంగని డాక్టరమ్మ ముందే చెప్పింది, వినలేదు. "నెత్తురు కాదులే బావా, రస్నా అనుకో" అన్నాను. చాలా రోజుల తర్వాత ఆయన కడుపారా నవ్వడం విన్నాను. నాకు కూడా ఇన్నాళ్లు దాచుకున్న జోకులన్నీ తిరిగొచ్చాయి.

మాత్రలు ఒక్క పూట కూడా తప్పనివ్వలేదు మా అక్క. చలికాలం పోయి ఎండలు ముదిరాక మళ్లీ స్కానింగు తీశారు. సర్జన్ సినిమాలోలాగా ఏమీ చెప్పలేదు. ఎడమ కిడ్నీ మునుపటంత బాగా లేదు, కానీ పనిచేస్తోంది, తీయాల్సిన పని లేదు అన్నాడు. యామిని కళ్లు తుడుచుకోవడం నేను చూశాను. చూసినట్టు చెప్తే ఒప్పుకోదు.

బావ మండీకి వచ్చేవాళ్లందరికీ తన జబ్బు పేరు తానే చెప్పాడు. దాచడం చాలించాడు. ఒకటికి పోతే మంటని ఎవరైనా చెవిలో గొణిగితే, ఉలవకట్టు సంగతి ఎత్తకుండా యామిని గది ఎక్కడుందో చెప్పేవాడు. "మొదటిదే పట్టియ్యప్పా, ఎంత మబ్బుగా ఉన్నా అదే ఇయ్యి" అని మరీ మరీ చెప్పేవాడు. అట్లా వెళ్లినవాళ్లలో ఒకరికి జబ్బు మొదట్లోనే దొరికింది కూడా.

కానీ అరచేయి చాపడం మానేశాడు. మండీ వెనకే ఉన్న ఇంటికి పోయి, అక్క వంటింట్లోంచి ఒక స్టీలు పళ్లెం తెచ్చుకుని తక్కెడ పక్కన పెట్టుకున్నాడు. అడుగు నుంచి తీసిన కాయను అందులో పోసి రైతు వైపు జరిపేవాడు. ఎవరూ ఏమీ అనేవాళ్లు కాదు. పళ్లెంలోంచి ఒక గింజ తీసుకుని నమిలి, రేటు మాట్లాడుకుని వెళ్లేవాళ్లు. ఇంక భయం లేదని యామిని ఎన్నిసార్లు చెప్పినా, ఒకడు వెనక్కి జరగడం చూడలేనన్నాడు కదా, ఆ మాట మీదే ఉన్నాడు. ఆ పళ్లెం చప్పుడు వింటే నాకు ప్రాణం ఉసూరుమనేది.

వేసవి సెలవులకు నేను అక్కడుండగా తిమ్మయ్య బోరు కింద పండిన కొత్త కాయ తెచ్చాడు. మూతి తానే విప్పి, "అడుగు చూడు శెట్టీ" అన్నాడు. బావ చెయ్యి దూర్చి పిడికెడు తీసి పళ్లెం వైపు తిరిగాడు.

తిమ్మయ్య ఆ మణికట్టు పట్టుకున్నాడు.

"ఏంది శెట్టీ ఇది? నాకు పళ్లెంలో పెడతాండావు, నేనేమన్నా కొత్త సుట్టాన్నా?"

బావ పిడికిలి బిగించాడు. "నా జబ్బు సంగతి నీకు చెప్పినా కదప్పా."

"చెప్పినావు. నా నల్లకాయ నువ్వు చూళ్లేదా? అయినా నన్ను మండీలోకి రానిస్తివి కదా. తెరువు."

తిమ్మయ్యే ఒక్కొక్క వేలూ విప్పాడు. ఒక కాయ తీసుకుని ఒలిచి, ఒక గింజ బావ నోట్లో పెట్టి, రెండోది తాను నోట్లో వేసుకుని, తొందరేమీ లేకుండా నమిలాడు.

"కాయ బాగుండాది," అన్నాడు. "రేటు చెప్పు."

బావ కూడా గింజ నమిలాడు. తెరిచిన చెయ్యి అట్లాగే చాపి, రెండో చేత్తో తువ్వాలు ముఖానికి అడ్డం పెట్టుకుని నిలబడ్డాడు. నేను పళ్లెం తీసుకెళ్లి వంటింట్లో పెట్టేశాను. రేటు అక్కడి నుంచి నా వెంటే వచ్చిన మా అక్కే చెప్పింది, అదీ కాస్త ఎక్కువే చెప్పింది.